మలయ్ సంప్రదాయ కళలకు కేంద్రం కట్టాలంటే ఏ నమూనా మేలు? ఐదు దారుల పోలిక

మలయ్ కళలకు ఒక కేంద్రం డిజైన్ చేయమంటే చాలామంది మొదట గీసేది పైకప్పు. ఒకరు వావ్ బులాన్ గాలిపటం ఆకారంలో గీస్తారు, ఇంకొకరు కెరిస్ కత్తి పిడిలాగా, మరొకరు సోంకెట్ బట్ట మడతలాగా. కప్పు బాగా కుదిరాక దాని కింద ఏ ఆట ఎక్కడ ఆడాలన్నది అప్పుడు చూసుకుంటారు. ఆర్కిటెక్చర్ పిల్లల థీసిస్‌లలో ఇదే వరస, కోట్లు పోసే ప్రాజెక్టుల్లోనూ చాలాసార్లు ఇదే వరస. గుడి కట్టేసి ఆ తర్వాత దేవుణ్ణి వెతుక్కున్నట్టు ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను, చివరికి మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. ఈ కళల్లో చాలా భాగం ఆరుబయట, నేల మీద, రాత్రిపూట, జనం మధ్యలో పెరిగినవి. అందుకని పెద్ద హాలు కంటే మంచి మైదానం, నాలుగు పందిళ్ళు, నిజంగా పని జరిగే వర్క్‌షాపులు ఉన్న కేంద్రమే ఎక్కువ కాలం నిలబడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. అలాగని హాలు అసలే వద్దని కాదు, దానికీ ఒక చోటు ఉంది. ఎవరికి ఏది సరిపోతుందో చూద్దాం.

ముందు కళలకు ఏం కావాలో చూడండి

మలేసియా తూర్పు తీరంలోని కెలంతాన్ రాష్ట్రపు వాయాంగ్ కులిత్ తీసుకోండి. మన తోలుబొమ్మలాటకు దగ్గర చుట్టమే, కథ కూడా రాముడిదే, అక్కడ హికాయత్ సెరి రామ అంటారు. కానీ రెండూ ఒకటే అనుకుని డిజైన్ చేస్తే దెబ్బతింటారు. మన నిమ్మలకుంట బొమ్మలు పెద్దవి, కొన్ని మనిషంత ఎత్తుంటాయి, నిలబడి ఆడిస్తారు, ఒకరికి నలుగురు కలుస్తారు. కెలంతాన్ బొమ్మ రెండు మూడు జానల ఎత్తు. ఆడించేది దాలాంగ్ ఒక్కడే. తెర వెనక నేల మీద కూర్చుని, అన్ని పాత్రలకూ తనే గొంతు మారుస్తూ, ఆడని బొమ్మల్ని ముందున్న అరటి బోదెలో గుచ్చి నిలబెట్టుకుంటాడు. అతని వెనకాలే సెరునాయి (మన సన్నాయి లాంటిదే), రకరకాల డోళ్ళు, వేలాడదీసిన గాంగులు. ఇదంతా కాళ్ళ మీద లేపి కట్టిన ఒక చిన్న గుడిసెలో ఇరుక్కుని కూర్చుంటుంది. జనం బయట నేల మీద.

ఇందులో డిజైన్ చేసేవాళ్ళు పట్టుకోవాల్సిన విషయాలు మూడు. ఒకటి, చీకటి. తెర వెనక ఒక్క బల్బు వెలుగుతో ఆట నడుస్తుంది, మీరేమో కేంద్రం చుట్టూ రాత్రంతా వెలిగే ఎల్ఈడీ స్తంభాలు నాటి గోడల మీద కూడా లైట్లు పెడతారు, ఇక నీడ ఎక్కడ కనబడుతుంది? మైదానంలో దీపాలన్నీ ఒక్క స్విచ్‌తో ఆరిపోయేలా విడి సర్క్యూట్ ఉండాలి. రెండు, గుడిసె వెనక్కి వెళ్ళే దారి. దాలాంగ్ చేతులు, వాయిద్యాల వాళ్ళు ఎలా పనిచేస్తున్నారో చూడాలని పిల్లలు, విదేశీయులు తప్పకుండా వెనక్కి వెళ్తారు, అక్కడ ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, చెత్త డబ్బాలు పెట్టకండి. మూడోది నవ్వొచ్చేంత చిన్నది: పచ్చి అరటి బోదె ప్రతి ఆటకూ కావాలి, కాబట్టి ల్యాండ్‌స్కేప్ ప్లాన్‌లో ఒక మూల అరటి చెట్లు పెట్టేస్తే సరి.

మాక్ యోంగ్ అవసరం వేరు. ఇది ఆట, పాట, నాటకం కలిసినది, ముఖ్య పాత్రలు ఎక్కువగా ఆడవాళ్ళే వేస్తారు. 2005లో యునెస్కో గుర్తించింది. పాతకాలపు వేదిక అంటే గోడల్లేని తాటాకు పందిరి లాంటిది, మూడు వైపులా జనం. మొదలయ్యేది రెబాబ్ వైపు తిరిగి కూర్చుని చేసే నిదానమైన పాటతో, నృత్యంతో. రెబాబ్ వాయించే మనిషి తూర్పు వైపు కూర్చుంటాడు. అంటే పందిరి ఏ దిక్కుకు పెడుతున్నారన్నది సైట్ ప్లాన్‌లోనే తేలిపోవాలి, పార్కింగ్ మిగిల్చిన ముక్కలో ఇరికిస్తే కుదరదు. రెబాబ్ మూడు తీగల వాయిద్యం, గొంతు చిన్నది. సెరునాయి పక్క వీధికి వినబడుతుంది. ఈ రెండింటికీ ఒకే హాలు, ఒకే సౌండ్ డిజైన్ అంటే ఒకటి చెవులు పగలగొడుతుంది, రెండోది వినబడదు.

గాసింగ్, అంటే బొంగరం, కెలంతాన్‌లో పిల్లల ఆట కాదు. పెద్ద బొంగరం ఐదు కిలోల దాకా తూగుతుంది, లావుపాటి తాడు చుట్టి గట్టిగా విసిరితే బంకమట్టి నేల మీద పడి తిరుగుతుంది, దాన్ని తిరుగుతుండగానే చెక్క బద్దతో ఎత్తి ఒక చిన్న మేకు మీద నిలబెడతారు, గంటకు పైగా తిరుగుతూనే ఉంటుంది. టైల్స్ వేసిన ప్లాజాలో ఇది జరగదు, జరిగితే టైల్స్ మిగలవు. గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టి నేల, మీద కప్పు (తడిస్తే మట్టి పాడు), విసిరేవాడి వెనకా పక్కలా జనం రాకుండా కంచె కావాలి. సిలాత్ అనే మలయ్ యుద్ధకళకూ మట్టి లేదా ఇసుక బరి బాగుంటుంది. రెబానా ఉబి డప్పు ఇంకో రకం: నేల మీద పెట్టి వాయించే భారీ డప్పు, ఒక్కడు మోసేది కాదు, కాబట్టి దాచే గది నుంచి మైదానం దాకా మెట్టు లేని దారి ఉండాలి. దికిర్ బారత్ వాళ్ళకు ఇవేవీ అక్కర్లేదు. గుంపుగా కింద కూర్చుని చప్పట్లు కొడుతూ పాడతారు, వెడల్పాటి అరుగు ఒకటి చాలు.

ఇక చేతిపనులు. బాతిక్ అంటే చాలామంది గోడకు వేలాడే బట్ట అనుకుంటారు. నిజానికి అది మైనం కరిగించే పొయ్యి, రంగు తొట్లు, రంగు నిలబడటానికి పూసే సోడియం సిలికేట్, చివర్లో మైనం పోయేలా మరిగించే గంగాళాలు. మైనం పొగ బయటికి పోవాలి, మైనం కలిసిన రంగు నీళ్ళు నేరుగా కాలవలో కలపకూడదు, కాబట్టి మైనం పట్టే గుంత, చిన్న శుద్ధి తొట్టి మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి. మన పెడనలో కలంకారీ చేసేవాళ్ళను అడిగినా ముందు చెప్పేది నీళ్ళ గురించే. సోంకెట్ మగ్గానికి కావాల్సింది పక్క నుంచి వచ్చే స్థిరమైన వెలుతురు, జరీ పోగు లెక్కపెట్టుకుంటూ నేసే పని అది, రోజంతా కూర్చున్నా కొన్ని అంగుళాలే నడుస్తుంది. పెరాక్‌లోని సయోంగ్ గ్రామపు లాబు కూజా కాల్చగానే వేడివేడిగా వరి ఊకలో పెడతారు, దాని నలుపు అలా వస్తుంది, పొగ విపరీతంగా వస్తుంది. చెక్క చెక్కేవాళ్ళ దగ్గర దుమ్ము, మోత. ఈ నలుగుర్నీ ఏసీ గాజు గదుల వరసలో కూర్చోబెట్టిన డిజైన్లు చూశాను. అక్కడ పని జరగదు, పని చేస్తున్నట్టు నటన జరుగుతుంది.

ఇప్పుడు ఐదు దారులు

మొదటిది పెద్ద థియేటర్. కౌలాలంపూర్‌లో ఇస్తానా బుదాయా దీనికి పెద్ద ఉదాహరణ. 1999లో తెరిచారు, 21 కోట్ల రింగిట్లు అయింది, సుమారు 1,400 సీట్లు. పైనుంచి చూస్తే వావ్ బులాన్, లోపలి అమరిక మలయ్ ఇంటి వరసలో: లాబీ సెరాంబిలాగా (అంటే ఇంటి ముందు వసారా), ఆడిటోరియం నడింటిలాగా, వేదిక, రిహార్సల్ భాగం వెనకింటి వంటగదిలాగా. ఆలోచన మంచిదే, నాకు ఆ లోపలి అమరిక పైకప్పు కంటే ఎక్కువ నచ్చుతుంది. ఆర్కెస్ట్రాలు, మ్యూజికల్ నాటకాలు, విదేశీ బృందాలకు ఈ స్థాయి వేదిక దేశంలో ఒకటి ఉండాలి. కానీ దాలాంగ్ బొమ్మ నీడను 1,400 మంది చూడలేరు, చివరి వరసల వాళ్ళకు కనబడేది తెల్లటి చుక్క. కాబట్టి ఒక రాష్ట్రమో, జిల్లా కౌన్సిలో "మాకూ ఒక ఇస్తానా బుదాయా" అంటే వద్దనే చెప్తాను. హాలు కావాల్సిందే అంటే 200 నుంచి 300 మంది కూర్చునే, సీట్లు తీసేయగలిగే చదునైన గది కట్టుకోండి. కుర్చీలు మడిచి పక్కకు తోస్తే నేల మీద చాపలు పరిచి మూడు వైపులా కూర్చోవచ్చు.

రెండోది ఆరుబయలు. కోట భారులో గెలాంగాంగ్ సెని ఈ పద్ధతిలో నడిచిన చోటు. చూడ్డానికి గొప్ప ఆర్కిటెక్చర్ ఏమీ కాదు. మైదానం, కొన్ని కప్పులు, బొమ్మలాట గుడిసె, అంతే. కానీ బొంగరం, సిలాత్, గాలిపటాలు, రెబానా, రాత్రికి వాయాంగ్ కులిత్, టికెట్ లేకుండా జనం చూసేవారు, రంజాన్ నెలలో ఆపేసేవారు. ఆడేది కెలంతాన్ బృందాలే, ప్రతి వివరం తెలిసిన చుట్టుపక్కల వాళ్ళు చూసేవారు, తప్పు పాడితే నవ్వేవారు కూడా. ఖర్చు తక్కువ, మార్చుకోవడం తేలిక, కళకు దగ్గర. బలహీనత ఒక్కటే, వాన. తూర్పు తీరంలో నవంబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు దంచుతాయి, నాలుగు నెలలు ఆరుబయట అంటే కష్టం. దీనికి విరుగుడు కింద చెప్తాను.

మూడోది నమూనా గ్రామం. మలాకా దగ్గర ఆయర్ కెరోలో 13 రాష్ట్రాల ఇళ్ళు వరసగా కట్టిన మినీ మలేసియా ఉంది. సరవాక్‌లో సాంతుబోంగ్ కొండ కింద 17 ఎకరాల్లో సరవాక్ కల్చరల్ విలేజ్ ఉంది, చెరువు చుట్టూ ఇబాన్, బిదాయు, మెలనావు, మలయ్ ఇలా ఒక్కో జాతి ఇల్లు, ఒక్కో ఇంట్లో ఏదో ఒక పని చేసి చూపించే మనుషులు. టూరిస్టుకు బాగుంటుంది, స్కూలు పిల్లలకు ఇంకా బాగుంటుంది, ఒక్క పూటలో రాష్ట్రానికో ఇల్లు తేడాలు కళ్ళకు కడతాయి. సరవాక్‌ది నిలబడటానికి ఒక కారణం ఏంటంటే అక్కడ 1998 నుంచి జరిగే రెయిన్‌ఫారెస్ట్ వరల్డ్ మ్యూజిక్ ఫెస్టివల్ లాంటి పెద్ద సందడి దానికి తోడైంది. ఆ తోడు లేని చోట ఏమవుతుందో సింగపూర్ గేలాంగ్ సెరాయ్‌లోని మలయ్ విలేజ్ చూపించింది: 1989లో తెరిచారు, జనం రాక, వ్యాపారం సాగక 2011లో మూసేశారు, కొట్టేశారు. చుట్టూ అసలు సిసలు మలయ్ మార్కెట్, రంజాన్ బజారు కిటకిటలాడుతుంటే పక్కనే కట్టిన ఉత్తుత్తి గ్రామానికి ఎవరు వెళ్తారు? బతికున్న పేట పక్కన బొమ్మ పేట కట్టకండి, నా దృష్టిలో ఈ ఐదింటిలో ఎక్కువ రిస్కు ఉన్న దారి ఇదే.

నాలుగోది, ఉన్న పాత భవనాన్ని వాడుకోవడం. కౌలాలంపూర్ సెంట్రల్ మార్కెట్ ఒకప్పుడు చేపలు, కూరగాయల మార్కెట్. కూల్చబోతే వారసత్వ సంఘం వాళ్ళు అడ్డుపడ్డారు, 1980ల్లో చేతిపనుల, కళల అంగడిగా మార్చారు. సింగపూర్‌లో పాత సుల్తాన్ నివాసం ఇస్తానా కంపోంగ్ గెలామ్ 2005లో మలయ్ హెరిటేజ్ సెంటర్ అయింది. పెరాక్ రాజవంశం 1926లో మేకులు వాడకుండా, అల్లిన వెదురు గోడలతో కట్టించుకున్న ఇస్తానా కెనాంగాన్ కూడా మ్యూజియంగా మారింది. ఈ దారిలో పెద్ద లాభం చోటు: ఊరి మధ్యలో, రైలు స్టేషన్ దగ్గర, జనం రోజూ నడిచే దారిలో దొరుకుతుంది, ఆ జాగాలో కొత్తగా కట్టాలంటే ఎవరివల్లా కాదు. నష్టం ఏంటంటే మెల్లగా షాపింగ్ మింగేస్తుంది. అద్దె కట్టగలిగేది టీషర్టులు, ఫ్రిజ్ మాగ్నెట్లు అమ్మేవాడే, సోంకెట్ నేసేవాడు కాదు. కాబట్టి వర్క్‌షాపుల చోటును లీజు కాగితాల్లోనే విడిగా రాసి పెట్టాలి, అద్దె కూడా తక్కువగా ఖాయం చేయాలి, లేదంటే ఐదేళ్ళలో బాతిక్ అన్న బోర్డు మాత్రమే మిగులుతుంది.

ఐదోది నాకు ఇష్టమైనది, కానీ అన్నిచోట్లా కుదరదు: పాత చెక్క ఇల్లు విప్పి తెచ్చి మళ్ళీ కట్టడం. మలయ్ ఇల్లు కట్టే పద్ధతే అందుకు వీలుగా ఉంటుంది, స్తంభం, దూలం, గోడ పలక అన్నీ తంగ్గమ్ అనే గూటి అతుకులతో, చీలలతో బిగిస్తారు, విప్పి నంబర్లు వేసి లారీలో తేవచ్చు. కెదా రాష్ట్రంలోని ఒక గ్రామంలో పాడుబడిన రుమా పెంగులు అబు సెమన్ ఇంటిని బదన్ వారిసాన్ అనే వారసత్వ సంఘం వాళ్ళు ఇలాగే కౌలాలంపూర్ జలాన్ స్టోనర్‌కు తెచ్చి నిలబెట్టారు. తెరెంగానులో సెతియు దగ్గర టెర్రాపురి అనే చోట పాత ఇళ్ళు కొన్ని తెచ్చి రిసార్టుగా చేశారు. ఒక్క ఇల్లు చాలు, పది వద్దు. ఆ ఇంట్లో పంతున్ పాటలు, చాప అల్లిక, కొబ్బరి తురిమే కబుర్లు, పెళ్ళి అలంకరణ చూపించడం ఇవి సహజంగా ఇమిడిపోతాయి. వంద మంది ఒకేసారి ఎక్కితే మాత్రం నేల ఊగుతుంది, ఇంజినీరు లెక్క చూసి ఒకసారికి ఎంతమందో గుమ్మం దగ్గరే రాసి పెట్టండి.

చెక్కా, కాంక్రీటా?

మంచి చెంగాల్ చెక్క చెద పట్టదు, వానకూ నిలుస్తుంది, కానీ ఖరీదు, దొరకడమూ కష్టం. అందరూ కాంక్రీటు స్తంభం కట్టి గోధుమ రంగు వేసి చెక్కలా నమ్మిస్తారు. దగ్గరికి వెళ్తే చేయి పెట్టగానే తెలిసిపోతుంది. నేనైతే ఇలా చేస్తాను: స్టోరేజి, టాయిలెట్లు, హాలు, నేలకు తగిలే పునాది భాగం కాంక్రీటు, దాన్ని కాంక్రీటుగానే వదిలేస్తాను. పందిళ్ళు, మెట్ల రెయిలింగ్, తలుపు పైన గాలి పోయే చెక్కడపు పలకలు మాత్రం అసలు చెక్క, కెలంతాన్, తెరెంగాను వడ్రంగులతో చేయిస్తాను. చేయి తాకే చోట, కన్ను ఆగే చోట డబ్బు పెట్టండి. తెరెంగాను స్టేట్ మ్యూజియం స్తంభాల మీద లేపిన పాత రాజభవనాల ఆకారాన్ని ఎన్నో రెట్లు పెంచి కట్టారు, దూరం నుంచి చూస్తే గుండె ఝల్లుమంటుంది, నిజం. కానీ ఆ ఆవరణలో నాకు మనసు నిలిచేది పక్కన ఉన్న పాత చిన్న చెక్క ఇళ్ళ దగ్గరే, ఎందుకంటే అక్కడ మనిషి కొలత ఉంది.

పైకప్పు గురించి ఎవరూ చెప్పని విషయం శబ్దం. మెటల్ రేకు మీద మలేసియా వాన పడితే పక్కవాడి మాట వినబడదు, ఇక రెబాబ్ సంగతి దేవుడెరుగు. నీపా ఆకుతో కప్పిన అతాప్ అయితే వాన చప్పుడు మెత్తగా ఉంటుంది, లోపల చల్లగా ఉంటుంది, కానీ కొన్నేళ్ళకోసారి మార్చాలి, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు జనం ఎక్కువ చేరే చోట ఒప్పుకోవడం కష్టం. సింగోరా పెంకు అందంగా ఉంటుంది, పల్చటి మట్టి బిళ్ళ, వాలు బాగా ఎక్కువ లేకపోతే గాలివానకు నీళ్ళు లోపలికి కొడతాయి, చేసేవాళ్ళూ ఇప్పుడు చాలా తక్కువ. మధ్యే మార్గం: కింద రేకు, దాని అడుగున మందంగా ఇన్సులేషన్, పైన అతాప్ లేదా పెంకు. మాక్ యోంగ్ పందిరికి మాత్రం ఈ ఖర్చు తప్పనిసరిగా పెట్టండి, బొంగరాల షెడ్డుకు ఉత్త రేకు చాలు.

వానాకాలం విరుగుడు కూడా ఇక్కడే ఉంది. పందిళ్ళను ఒకదానికొకటి దూరంగా విసిరేయకుండా, కప్పున్న నడకదారితో కలపండి, కప్పు అంచులు కనీసం రెండు మీటర్లు బయటికి ఉండాలి, జనం కూర్చునే మైదానంలో సగానికి ఎత్తైన కప్పు వేయండి. నేల ఎత్తు ఎంత పెట్టాలన్నది నదికి ఎంత దగ్గర అన్నదాన్ని బట్టి. 2014 డిసెంబరులో కెలంతాన్ వరదకు ఇళ్ళకు ఇళ్ళే కొట్టుకుపోయాయి, ఆ రాష్ట్రంలో స్తంభాల మీద ఇల్లు అన్నది అలంకారం కాదు. అయితే నేల లేపగానే ఇంకో లెక్క మొదలవుతుంది. నేల 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే 1:12 వాలుతో ర్యాంపు 18 మీటర్ల పొడవు వస్తుంది, మధ్యలో ఆగే చదును చోట్లు అదనం. చివర్లో గుర్తొస్తే అది భవనానికి తగిలించిన తోకలా ఉంటుంది, మొదట్లోనే గుర్తుంటే అదే అందమైన వసారా అవుతుంది. అన్నీ లేపకండి. బొమ్మలు, సోంకెట్, కెరిస్ దాచే గదిని, ఎలక్ట్రికల్ ప్యానెళ్ళను లేపండి, మట్టి బరులు నేల మీదే ఉండనివ్వండి.

దాచే గది అన్నాను కాబట్టి ఒక మాట. కేంద్రం మొత్తానికి ఏసీ పెట్టి కరెంటు బిల్లుకు భయపడి రాత్రి ఆపేసే పద్ధతి అన్నిటికంటే చెడ్డది. పగలు చల్లగా పొడిగా, రాత్రి వేడిగా తేమగా ఉంటే బట్టకు బూజు, జరీకి నలుపు, కత్తికి తుప్పు, తోలుబొమ్మ వంకర. చిన్న గది ఒకటే చూసుకుని 24 గంటలూ ఒకేలా నడపండి, బట్టల మీద వెలుతురు 50 లక్స్ దాటనివ్వకండి. మిగతా కేంద్రానికి ఫ్యాన్లు, అడ్డంగా వీచే గాలి చాలు. ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిదని కూడా అంటాను. గాజు పెట్టెలో నలభై కెరిస్‌లు వరసగా పెడితే ఎవరూ ఒక్కటి కూడా సరిగా చూడరు.

ఎక్కడ కట్టాలి, ఎవరు ఆడతారు

ఈ ప్రశ్న డిజైన్‌ది కాదనుకుంటారు, కానీ ప్లాన్ మారిపోయేది దీనివల్లే. 1990ల మొదట్లో కెలంతాన్ రాష్ట్ర ప్రభుత్వం మాక్ యోంగ్‌ను బహిరంగంగా ఆడటం నిషేధించింది, మత కారణాలు చెప్పింది, 2019లో షరతులతో సడలించింది. అంటే పుట్టిన గడ్డ మీదే ఆ ఆటకు వేదిక కట్టడం ఎంత సున్నితమో అర్థమవుతుంది. కెలంతాన్‌లో కట్టేవాళ్ళు మొదటి నెలలోనే ఏ ఆటకు అనుమతి, ఎలాంటి షరతులు అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి, తర్వాతే పందిరి కొలతలు. కౌలాలంపూర్‌లో ఆ తలనొప్పి తక్కువ, పైగా అస్వారా కళా అకాడమీ విద్యార్థులు దొరుకుతారు, కానీ గ్రామం నుంచి బృందాన్ని రప్పించాలంటే బస్సు, బస, భోజనం అన్నీ మీవే. అందుకే నగరంలో కట్టే కేంద్రానికి కళాకారులు రాత్రి పడుకునే గదులు, వంటగది తప్పనిసరి. నేను చూసిన బ్రీఫ్‌లలో (ఏమేం కట్టాలో ఆర్కిటెక్టుకు ఇచ్చే కాగితాల్లో) వీఐపీ లాంజ్ ఉంటుంది, పన్నెండు మంది డోలు వాయించేవాళ్ళు ఎక్కడ పడుకోవాలో ఉండదు.

2002లో మొదలైన పుసాకా అనే సంస్థ ఇంకో దారి పట్టింది: కళాకారుల్ని వాళ్ళ ఊళ్ళోనే ఆడనిచ్చి, వాళ్ళ పిల్లలకే నేర్పించేలా తోడ్పడటం. డబ్బు మరీ తక్కువైతే కొత్త భవనం ఆలోచన పక్కన పెట్టి, ఒక దాలాంగ్ ఇంటి దగ్గర గుడిసె బాగుచేయించి, టాయిలెట్లు, చాపలు, పార్కింగ్ ఏర్పాటు చేయడం నిజంగా మెరుగైన ప్రాజెక్టు. ఆర్కిటెక్టుకు ఫోటోలు రావు, అంతే.

నమాజు వేళల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర నుంచి వెళ్ళి అక్కడ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్ళు ఇది మర్చిపోవడం చూస్తుంటాను. మగ్రిబ్, ఇషా అయ్యాకే రాత్రి ఆట, అంటే తొమ్మిది దాటాక. ఆ ముందు గంటన్నరలో జనం ఎక్కడ ఉంటారు? సురావు (ప్రార్థన గది), కాళ్ళూ చేతులూ కడుక్కునే చోటు ఆడా మగా విడివిడిగా, పక్కనే హలాల్ టిఫిన్ బండ్లు, ఈ మూడూ మైదానం అంచునే ఉంటే జనం అక్కడే ఉండిపోతారు. భవనం వెనక బేస్‌మెంట్‌లో పెడితే ప్రార్థన అయ్యాక ఇంటికే వెళ్తారు.

మరి మీకు ఏది?

రాష్ట్ర ప్రభుత్వమో, పెద్ద ఫౌండేషనో అయ్యుండి ఊరి అంచున ఐదు పదెకరాలు ఉంటే రెండో దారి పట్టండి, దానికి ఐదో దారిలోని ఒక్క చెక్క ఇల్లు, 250 మంది హాలు ఒకటి కలపండి. కౌలాలంపూర్, జార్జ్‌టౌన్, మలాకా లాంటి చోట నగరం నడిమధ్య కావాలంటే నాలుగో దారి తప్ప ఇంకోటి చూడకండి, లీజు కాగితం మాత్రం జాగ్రత్త. టూరిజం శాఖ డబ్బు, టూరిజం లెక్కలు అయితే మూడో దారి అడుగుతారు, ఏడాదికొక పెద్ద పండగ ఎవరు నడుపుతారో పేరు రాసివ్వమనండి, రాసివ్వకపోతే వద్దని చెప్పేయండి. మొదటి దారి దేశానికి ఒకటి ఉంది, చాలు.

థీసిస్ చేసే పిల్లలకు: మొదటి షీటు మీద ఎలివేషన్ (భవనం బయటి ముఖం బొమ్మ) పెట్టకండి. రాత్రి తొమ్మిదిన్నరకు తెర ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూపించే సెక్షన్ (నిలువుగా కోసినట్టు గీసే బొమ్మ) ఒకటి గీయండి, లైటు ఎక్కడుంది, చీకటి ఎక్కడ మొదలవుతుంది, డోలు వాళ్ళ వీపు ఎటు ఉంది అన్నది అందులో కనబడాలి. జ్యూరీ ఎలాగూ పైకప్పు గురించి అడుగుతుంది, అప్పుడు చూపించొచ్చు.

బడ్జెట్ విషయంలో నా పట్టుదల ఒక్కటే. కట్టడానికి దొరికిన మొత్తంలోంచి కనీసం మూడేళ్ళపాటు బృందాలకు ఆటకింత అని చెల్లించే డబ్బు ముందే పక్కన పెట్టండి, అది సరిపోకపోతే హాలు చిన్నది చేయండి. రంజాన్ నెలలో ఎలాగూ ఆటలుండవు, ఆ నెలను అతాప్ మార్చడానికి, మట్టి బరి మళ్ళీ దిమ్మిస కొట్టడానికి, బాతిక్ గుంతలో పేరుకున్న మైనం తోడటానికి క్యాలెండర్‌లో రాసేసుకోండి, కాంట్రాక్టరుకు మొదటి ఏడాదే ఆ తేదీలు ఇచ్చేయండి.